ఎక్కడ, ఎప్పుడు అనే లెక్క మెదడు ఎలా కడుతుంది

పెద్దవాళ్ళని ఏదైనా సంగతి ఎప్పుడు జరిగిందని అడిగి చూడండి, తారీఖు చెప్పరు. "దివిసీమ ఉప్పెన వచ్చిన యేడే, అప్పటికి మీ బాబాయికి పెళ్ళి కాలేదు, మనం ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాం" అంటారు. 1977 అనే అంకె ఆ మాటల్లో ఎక్కడా ఉండదు, పక్కన కూర్చున్న వాళ్ళెవరో లెక్కేసి చెప్పాలి. ఇదేదో పాతకాలం అలవాటు అనుకుంటాం గానీ రోజంతా ఫోన్లో క్యాలెండర్ చూసుకునే మనమూ అంతే, ఫలానా ఫోటో ఎప్పుడు దిగారు అంటే ముందు అది ఏ ఊరో గుర్తుకొస్తుంది, పక్కన ఎవరున్నారో గుర్తుకొస్తుంది, అప్పటికి జాబ్ మారామా లేదా అని ఆలోచిస్తాం, అక్కణ్ణుంచి కిందా మీదా పడి సంవత్సరం పట్టుకుంటాం. అంటే జ్ఞాపకం మీద తారీఖు ముద్ర ఏమీ ఉండదన్నమాట. ఉండేది ఒక చోటు, దాని ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అనే వరస. ఈ చోటునీ ఈ వరసనీ మెదడులో రెండు వేరే వేరే డిపార్ట్‌మెంట్లు చూసుకుంటాయేమో అని చాలామంది అనుకుంటారు, కానీ గత యాభై అరవై యేళ్ళలో బయటపడిందేంటంటే రెండూ చాలావరకు ఒకే చోట, కొన్నిసార్లు అక్షరాలా ఒకే కణాల్లో జరుగుతాయి.

ఆ చోటు పేరు హిప్పోక్యాంపస్. చెవుల ఎత్తులో తల లోపలికి, అటొకటి ఇటొకటి, వంకర తిరిగి మన చిటికెన వేలంత ఉంటాయి. దాన్ని ఆనుకునే ఎంటోరైనల్ కార్టెక్స్ అని ఇంకో భాగం ఉంటుంది, మిగతా మెదడు నుంచి హిప్పోక్యాంపస్‌కి వచ్చే సమాచారంలో ఎక్కువ భాగం దాని మీదుగానే వస్తుంది. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా కథంతా వీటి చుట్టూనే.

హిప్పోక్యాంపస్ లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసింది ఒక మనిషి వల్ల. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ ఊరు, 1953 ఆగస్టు. హెన్రీ మొలైసన్ అనే 27 యేళ్ళ కుర్రాడికి మూర్ఛలు ఎంత మందు వాడినా తగ్గట్లేదు, విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో ఎక్కువ భాగాన్ని, దాని చుట్టుపక్కల ఉన్నదాన్ని తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయేదాకా, అంటే 55 యేళ్ళు, కొత్త సంఘటన ఏదీ ఆయన మనసులో నిలవలేదు. మాంట్రియల్ నుంచి బ్రెండా మిల్నర్ వచ్చి ఆయన్ని పరీక్షించేది, గదిలోంచి బయటికెళ్ళి తిరిగొస్తే మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకోవాల్సిందే. ఆమె ఒకసారి అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడిపించమంది, మూడు రోజుల్లో ఆయన చెయ్యి బాగా తిరిగింది, కానీ మూడో రోజు కూడా ఇదివరకు ఎప్పుడూ చెయ్యలేదనే అనుకున్నాడు. చేతికి నేర్పు వచ్చింది, ఎక్కడ ఎప్పుడు నేర్చుకున్నాడో మాత్రం లేదు. బతికున్నంత కాలం పుస్తకాల్లో ఆయన హెచ్.ఎం. అనే రెండక్షరాలే, అసలు పేరు చనిపోయాకే బయటపెట్టారు.

సరే, హిప్పోక్యాంపస్ పోతే జ్ఞాపకాలు పోతాయని 1957లో స్కోవిల్, మిల్నర్ రాశారు. మరి స్థలంతో దానికేం పని అనేది ఇంకో దారిలో వచ్చింది, అదీ అనుకోకుండా. లండన్‌లో జాన్ ఓకీఫ్ అనే అమెరికన్, ఎలుకల మెదడులో సన్నటి తీగలు పెట్టి స్పర్శకి సంబంధించిన కణాలు వింటున్నాడు. వినడం అంటే నిజంగా వినడమే, కణం ఫైర్ అయిన, అంటే చిన్న విద్యుత్ సంకేతం పంపిన, ప్రతిసారీ స్పీకర్లో టక్ టక్ అని వినిపిస్తుంది. ఒక తీగ కాస్త పక్కకి జరిగి హిప్పోక్యాంపస్‌లోకి పోయింది, అక్కడ దొరికిన కణం ఎలుక నడకతో గట్టిగా ముడిపడినట్టు అనిపించింది, దాంతో ఆయన పాత పని వదిలేసి దీని వెంట పడ్డాడు. ఇలాంటి కణాల్లో కొన్ని, ఎలుక ఏం చేస్తోంది అనేదాన్ని బట్టి కాదు, ఎక్కడుంది అనేదాన్ని బట్టి మోగుతున్నాయి. బల్ల మీద ఈ మూలకి వస్తే ఈ కణం, ఆ మూలకి పోతే ఇంకోటి. 1971లో డోస్ట్రోవ్‌స్కీ అనే సహచరుడితో కలిసి చిన్న పేపర్ వేశాడు, రికార్డ్ చేసిన 76 కణాల్లో అలా ఖచ్చితంగా చోటుని పట్టుకున్నవి 8 మాత్రమే. ఎనిమిది కణాలు చూపించి మెదడులో మ్యాప్ ఉందంటే ఎవరు నమ్ముతారు, చాలామంది నమ్మలేదు కూడా. వాసన వల్లేమో, కదలిక వల్లేమో అన్నారు. లైట్లు ఆపినా అవి అదే చోట మోగుతూనే ఉన్నాయని తర్వాత తేలింది. వీటినే ప్లేస్ సెల్స్ అంటారు.

ప్లేస్ సెల్స్ గురించి రెండు సంగతులు తెలిస్తే మ్యాప్ అనే మాట కొంచెం జాగ్రత్తగా వాడతాం. ఒకటి, గోడకి తగిలించిన మ్యాప్‌లో విజయవాడ పక్కన గుంటూరు ఉన్నట్టు హిప్పోక్యాంపస్‌లో ఉండదు, పక్కపక్కనే ఉన్న రెండు కణాలు గదిలో రెండు మూలలకి చెందినవి కావచ్చు. రెండు, ఎలుకని ఇంకో గదిలోకి మారిస్తే అవే కణాలు మళ్ళీ కొత్తగా పంచుకుంటాయి, ఇక్కడ కిటికీ దగ్గర మోగింది అక్కడ మధ్యలో మోగచ్చు, లేదా అసలు మోగకపోవచ్చు. దీన్ని రీమ్యాపింగ్ అంటారు. నన్నడిగితే ప్లేస్ సెల్స్ కంటే ఈ రీమ్యాపింగే పెద్ద విషయం, ఎందుకంటే చోటుని గుర్తించడం వేరు, ఈ సందర్భం వేరు ఆ సందర్భం వేరు అని విడదీయడం వేరు. జ్ఞాపకానికి కావాల్సింది ఈ రెండోదే. అదే క్లాస్‌రూమ్‌లో పదో తరగతి పరీక్ష రాశాం, అదే రూమ్‌లో ఫేర్‌వెల్ పార్టీ చేసుకున్నాం, ఆ రెండూ కలగాపులగం అయిపోకూడదు కదా.

ఇంక గ్రిడ్ సెల్స్. నార్వేలో ట్రాన్‌డైమ్ ఊళ్ళో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్, అప్పటికి భార్యాభర్తలు, కొన్నాళ్ళు ఓకీఫ్ ల్యాబ్‌లో పని నేర్చుకుని వచ్చినవాళ్ళే. ప్లేస్ సెల్స్‌కి ఈ చోటు లెక్క ఎక్కణ్ణుంచి వస్తోందని వెతుక్కుంటూ వెనక్కి, అంటే ఎంటోరైనల్ కార్టెక్స్‌లోకి వెళ్ళారు. అక్కడ ఒక్కో కణం ఒక్క చోట కాకుండా చాలా చోట్ల మోగుతోంది. చిన్న పెట్టెలో పెడితే ఏమీ అర్థం కాలేదు, ఎలుకని పెద్ద గుండ్రటి బరిలో వదిలి, కణం మోగిన ప్రతి చోటా ఒక చుక్క పెడుతూ పోతే 2005లో కంప్యూటర్ తెర మీద కనిపించింది ఏంటంటే సందు చుక్కల ముగ్గు. నిజంగా అదే. మన వాకిట్లో 15 చుక్కలు పెట్టి, రెండు చుక్కల సందులో ఒకటి చొప్పున తగ్గించుకుంటూ రెండు వైపులా 8 దాకా వస్తే ఏ ఆకారం వస్తుందో గుర్తు తెచ్చుకోండి, ప్రతి చుక్క చుట్టూ సమాన దూరంలో ఆరు చుక్కలు. ఒక్క కణం నేలంతా అలా చుక్కలు పరిచేసింది, నేల మీద ఏ గుర్తూ లేకుండానే. పక్క కణం కూడా అదే దూరాలతో అదే ముగ్గు వేస్తుంది, కాకపోతే మొత్తాన్ని కాస్త పక్కకి జరిపి. కార్టెక్స్‌లో కొంచెం కిందికి పోతే చుక్కల మధ్య దూరం పెరుగుతుంది, పైన ముప్ఫై నలభై సెంటీమీటర్లు ఉండేది కిందికి వచ్చేసరికి మీటర్లలోకి పోతుంది. రకరకాల సైజుల ముగ్గులు ఒకదాని మీద ఒకటి వేసినట్టు ఉంటాయి కాబట్టి, ఏయే కణాలు కలిసి మోగుతున్నాయో చూస్తే ఎలుక ఎక్కడుందో చెప్పేయచ్చు. 2014లో నోబెల్ సగం ఓకీఫ్‌కి, మిగతా సగం మోసర్లిద్దరికీ వచ్చింది.

వీటికి తోడు తల ఎటు తిరిగి ఉందో చెప్పే కణాలు వేరే ఉన్నాయి, న్యూయార్క్‌లో జేమ్స్ రాంక్ 1984లో పట్టుకున్నాడు, గోడ దగ్గరికొస్తే మోగేవి కూడా ఉన్నాయి. ఇదంతా పుట్టుకతో వస్తుందా నేర్చుకుంటే వస్తుందా అని ఎవరికైనా అనిపిస్తుంది, 2010లో రెండు ల్యాబ్‌లు విడివిడిగా ఎలుక పిల్లల్లో చూశాయి. పిల్లలు గూడు దాటి బయట తిరగడం మొదలెట్టేసరికే దిక్కు కణాలు దాదాపు పెద్దవాటిలా పనిచేస్తున్నాయి, రెండు వారాలు దాటాక ప్లేస్ సెల్స్, మూడో వారం దాటబోతుండగా గ్రిడ్ సెల్స్. స్థలం, కాలం అనేవి బయట ప్రపంచం నుంచి నేర్చుకునేవి కావు, మనసే ముందు నుంచీ పెట్టుకున్న చట్రాలు అని పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ తత్వవేత్త కాంట్ అన్నాడు, ఓకీఫ్ కూడా తన రాతల్లో కాంట్‌ని గట్టిగానే పట్టుకున్నాడు. ఎలుక పిల్లలతో తత్వశాస్త్రం తేలిపోదు గానీ చాలావరకు రెడీమేడ్‌గా వస్తుందనేది మాత్రం నిజం. ఇంకోటి గమనించారా, గ్రిడ్ సెల్స్ లెక్క కట్టి ప్లేస్ సెల్స్‌కి పంపిస్తాయని టెక్స్ట్‌బుక్కుల్లో గీసే బాణం గుర్తు అంత సూటిగా లేదు, పంపించాల్సినవాటి కంటే తీసుకోవాల్సినవే ముందు తయారయ్యాయి మరి.

ఇప్పుడు కాలం. ఇక్కడే అసలు చిక్కు. స్థలం కనీసం కళ్ళ ముందు ఉంటుంది, కాలానికి చూసే అవయవం లేదు. పగలు రాత్రి తేడా చూసుకునే జీవ గడియారం మెదడులో వేరే చోట ఉంది, అది ఇరవై నాలుగు గంటల చక్రం చూసుకుంటుంది గానీ కాఫీ తాగాక ఫోన్ వచ్చిందా ఫోన్ వచ్చాక కాఫీ తాగానా అనేది దానికి పట్టదు. దాన్ని ఎవరు చూస్తున్నారు?

బోస్టన్ యూనివర్సిటీలో హవర్డ్ ఐకెన్‌బామ్ టీమ్ 2011లో చేసిన ప్రయోగం కొంచెం దగ్గరగా చూద్దాం. ఎలుకకి ముందు ఒక వస్తువు చూపిస్తారు, రెండు వస్తువుల్లో ఏదో ఒకటి. తర్వాత పది సెకన్లు అక్కడే ఆపేస్తారు, చూడ్డానికి ఏమీ ఉండదు, వెళ్ళడానికి దారి ఉండదు. తర్వాత ఇసక నింపిన పూలకుండీ ఇస్తారు, ఇసకకి ఒక వాసన కలిపి ఉంటుంది. ముందు చూసిన వస్తువుకీ ఈ వాసనకీ జత కుదిరితే తవ్వాలి, లోపల తిండి ఉంటుంది, కుదరకపోతే ఊరుకోవాలి. అంటే ఆ ఖాళీ పది సెకన్లూ ఎలుక మొదటి వస్తువుని మనసులో మోసుకుపోవాలి. ఆ పది సెకన్లలో హిప్పోక్యాంపస్ ఊరికే కూర్చోలేదు. ఒక కణం మొదటి సెకనులో మోగి ఆగిపోతుంది, ఇంకోటి రెండో సెకనులో, ఇంకోటి ఐదో సెకనులో, అలా ఒకదాని తర్వాత ఒకటి, ప్రతిసారీ అదే వరసలో. ఎలుక నడుస్తుంటే ప్లేస్ సెల్స్ దారి పొడుగునా ఎలా మోగుతూ పోతాయో సరిగ్గా అలాగే, కాకపోతే ఇక్కడ దారి లేదు. వీటికి టైమ్ సెల్స్ అని పేరు పెట్టారు. వస్తువు మారిస్తే వరస కూడా మారింది, అంటే ఏం జరిగింది అనేది కూడా అందులోనే కలిసిపోయింది. ఆగే టైమ్ పది సెకన్ల నుంచి పెంచితే చాలా కణాలు తమ చోట్లు మార్చేసుకున్నాయి, కొత్త గదిలోకి వెళ్ళినప్పుడు ప్లేస్ సెల్స్ చేసే రీమ్యాపింగ్ లాగానే.

అంతకు ముందే 2008లో బుజాకీ అనే పరిశోధకుడి ల్యాబ్‌లో చక్రం మీద పరుగెత్తే ఎలుకల్లో ఇలాంటి వరసే కనిపించింది. అయితే దీని మీద గొడవ వచ్చింది, అది కాలం కాదు, ఎన్ని అడుగులు వేసిందో ఆ దూరం లెక్కేమో అని. న్యాయమైన అనుమానమే. 2013లో ఐకెన్‌బామ్ టీమే ఎలుకల్ని ట్రెడ్‌మిల్ ఎక్కించి స్పీడ్ మారుస్తూ చూసింది, స్పీడ్ పెంచితే అదే టైమ్‌లో ఎక్కువ దూరం పోతుంది కాబట్టి రెండిటినీ విడదీయచ్చు. కొన్ని కణాలు టైమ్ పట్టుకున్నాయి, కొన్ని దూరం పట్టుకున్నాయి, ఎక్కువ శాతం రెండూ కలిపి పట్టుకున్నాయి. ఇంకా చెప్పాలంటే ట్రెడ్‌మిల్ దిగి మామూలు దారిలో నడిచేటప్పుడు వీటిల్లో చాలావరకు మామూలు ప్లేస్ సెల్స్ లాగే ప్రవర్తించాయి. అందుకే ప్లేస్ సెల్, టైమ్ సెల్ అనే పేర్లు మనల్ని కొంచెం తప్పుదోవ పట్టిస్తున్నాయని నా అభిప్రాయం. కులాలు వేరైనట్టు కణాలు వేరు కాదు, ఆ రోజు ఆ పనికి ఏ వరస కావాలో ఆ వరసలో నిలబడతాయి అంతే. నేల మీద నడుస్తుంటే చోట్ల వరస, ఆగి ఉంటే క్షణాల వరస. ప్రిన్స్‌టన్‌లో 2017లో ఎలుకలకి జాయ్‌స్టిక్ ఇచ్చి ఒక శబ్దం శ్రుతిని కిందనుంచి పైకి పెంచమంటే, శ్రుతిలో ఫలానా ఎత్తు దగ్గర మోగే కణాలు దొరికాయి, నేలా లేదు నడకా లేదు. మనుషుల్లో కూడా ఉన్నాయి ఇవి, మూర్ఛ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోడానికి మెదడులో తీగలు పెట్టిన పేషెంట్లు పదాల లిస్టులు గుర్తుపెట్టుకుంటున్నప్పుడు టైమ్ సెల్స్ కనిపించాయని 2020లో వచ్చింది.

పది సెకన్లు సరే, గంటలు, రోజులు ఎలా? దీనికి జవాబు మళ్ళీ మోసర్ల ల్యాబ్ నుంచే, 2018లో ఆల్బర్ట్ త్సావ్ వాళ్ళు ఎంటోరైనల్ కార్టెక్స్‌లో బయటి వైపు భాగం చూశారు. గ్రిడ్ సెల్స్ ఉండేది లోపలి వైపు. బయటి వైపు కణాల్లో కొన్ని ఎలుకని పెట్టెలో పెట్టగానే గట్టిగా మోగి మెల్లిగా తగ్గుతూ పోతున్నాయి, ఒక్కో దానికి ఒక్కో వేగం, కొన్ని సెకన్లలో తగ్గితే కొన్ని నిమిషాలు, ఇంకొన్ని గంట దాకా. అన్నిటినీ కలిపి చూస్తే ఇది మొదటి రౌండా ఐదో రౌండా, రౌండ్లో ఎంత సేపయింది అనేది చదివేయచ్చు. గడియారం కాదు ఇది, జరుగుతున్న అనుభవమే కదులుతూ పోతుంటే ఆ కదలికే టైమ్ అవుతోంది. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. ఎలుకని ఎనిమిది అంకె ఆకారంలో అదే దారిలో మళ్ళీ మళ్ళీ తిప్పితే, ఒక్కో చుట్టు లోపల టైమ్ లెక్క ఇంకా పదునుగా వచ్చింది, కానీ ఇది ఎన్నో చుట్టు అనే తేడా మాత్రం మసకబారింది. అన్ని చుట్లూ ఒకేలా ఉన్నాయి కదా, దేన్ని బట్టి విడదీస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో ఏప్రిల్ ఏదో మే ఏదో మనకి కలిసిపోయిందంటే ఆశ్చర్యం ఏముంది, అదే గది, అదే ల్యాప్‌టాప్, అదే కిటికీ. రోజు గడవడం నరకంలా ఉండేది, తిరిగి చూసుకుంటే మాత్రం ఆ నెలలన్నీ కలిపి గుప్పెడు కూడా లేవు. కొత్త ఊరికి నాలుగు రోజులు వెళ్ళొస్తే దీనికి సరిగ్గా రివర్స్, అక్కడ ఇట్టే అయిపోయినట్టుంటుంది, ఇంటికొచ్చాక నెల రోజులు ఉండొచ్చినట్టు అనిపిస్తుంది.

దగ్గర దగ్గర టైమ్‌లో జరిగినవి ఒకదానికొకటి ఎందుకు అంటుకుంటాయో కూడా దీంతోనే అర్థమవుతుంది. అమెరికాలో యూసీఎల్ఏ యూనివర్సిటీలో 2016లో చుంచులతో చేశారు. చుంచుని ఒక గదిలో తిప్పి, ఐదు గంటలయ్యాక ఇంకో గదిలో తిప్పితే రెండిటికీ వాడిన కణాల్లో చాలా భాగం ఉమ్మడిగా ఉన్నాయి, మధ్యలో వారం గ్యాప్ ఇస్తే ఆ ఉమ్మడి తగ్గిపోయింది. తర్వాత రెండో గదిలో చిన్న షాక్ ఇచ్చారు. ఐదు గంటల తేడాతో చూసిన చుంచు, ఎప్పుడూ షాక్ తినని మొదటి గదిలో పెట్టినా భయంతో బిగుసుకుపోయింది. వారం తేడాతో చూసిన చుంచుకి ఆ భయం అంటుకోలేదు. ముసలి చుంచుల్లో ఐదు గంటల తేడాలో కూడా ఈ ముడి సరిగ్గా పడలేదు. చెడ్డ వార్త విన్న రోజు పొద్దున తిన్న టిఫిన్ కూడా ఎందుకు గుర్తుండిపోతుందో అనుకునేవాణ్ణి, ఆ రోజు మిగతా ముక్కలన్నీ అదే గుంపు కణాల మీదికి ఎక్కి కూర్చున్నట్టున్నాయి.

మరి ఇదంతా ఒకసారి రాసి వదిలేస్తే నిలుస్తుందా అంటే లేదు, మెదడు దాన్ని తిరగేస్తుంది. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే పరిశోధకులు చూసింది ఏంటంటే, పగలు ఎలుక తిరుగుతున్నప్పుడు ఏయే ప్లేస్ సెల్స్ కలిసి మోగాయో, అది నిద్రపోయాక కూడా అవే కలిసి మోగుతున్నాయి. వరస కూడా అదేనని తర్వాత తేలింది, కాకపోతే చాలా స్పీడ్‌గా, సెకన్ల నడక సెకనులో పదో వంతులో అయిపోతుంది. దీన్ని రీప్లే అంటారు. 2006లో ఇంకో వింత, దారి చివర తిండి దొరికాక ఎలుక అక్కడే ఆగి ఉండగా ఆ వరస వెనక నుంచి ముందుకి నడిచింది, ఇక్కడికి ఎలా వచ్చాను అని అడుగులు వెనక్కి లెక్కపెట్టుకుంటున్నట్టు. 2013లో దీనికి ఎదురు, ఎలుక కదలక ముందే తను వెళ్ళబోయే దారి వరస మోగింది. నిద్రలో ఈ రీప్లే జరిగే క్షణాల్ని కావాలని చెడగొడితే ఎలుకలు దారి నేర్చుకోవడం నెమ్మదించింది. రాత్రంతా మేల్కొని చదివి పరీక్షకి పోవడం ఎందుకు దండగ అని పిల్లలకి చెప్పేటప్పుడు ఈ ప్రయోగం చెప్పచ్చు, వినరనుకోండి.

వెళ్ళబోయే దారి కూడా అదే యంత్రం నడిపిస్తోందంటే, ఇది గతానికే పరిమితం కాదని కదా. లండన్‌లో 2007లో హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఐదుగురిని, మీరొక అందమైన బీచ్‌లో పడుకుని ఉన్నారనుకోండి, ఏం కనిపిస్తోందో చెప్పండి అని అడిగారు. వాళ్ళు ఇసక అన్నారు, ఆకాశం అన్నారు, అవన్నీ ఒక చోటుగా కలిసి రాలేదు. జరగని దాన్ని ఊహించుకోవడానికి కూడా ముందు ఒక చోటు కట్టాలి, ఆ కట్టేవాడే లేడు. ఈ స్టడీ చేసిన కుర్రాడు డెమిస్ హసాబిస్, తర్వాత డీప్‌మైండ్ అనే ఏఐ కంపెనీ పెట్టి 2024లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్నాడు, అప్పుడు మాత్రం ఎలనార్ మగ్వాయర్ దగ్గర పీహెచ్‌డీ స్టూడెంట్.

ఆ మగ్వాయరే లండన్ టాక్సీ డ్రైవర్ల స్టడీ చేసింది, చాలామంది వినే ఉంటారు. చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళ లోపల సుమారు 25,000 వీధులు నోటికి రావాలి, మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఆ పరీక్ష పాసైతేనే లైసెన్స్. 2000లో డ్రైవర్ల మెదళ్ళు స్కాన్ చేస్తే హిప్పోక్యాంపస్ వెనక భాగం మామూలు వాళ్ళ కంటే పెద్దగా ఉంది. ముందే పెద్దగా ఉన్నవాళ్ళే టాక్సీలోకి వచ్చారేమో అన్న అనుమానం తీర్చడానికి ట్రైనింగ్ మొదలెట్టిన 79 మందిని కొన్నేళ్ళు ఫాలో అయ్యారు, 39 మంది పాసయ్యారు, ఆ పాసైన వాళ్ళకే పెరిగింది. ఉచితంగా ఏమీ రాదనుకోండి, కొత్త బొమ్మ ఒకటి చూపించి కాసేపాగి గీయమంటే డ్రైవర్లు వెనకబడ్డారు.

వీధులు కాకుండా పదాలు గుర్తుపెట్టుకోడానికి కూడా ఇదే యంత్రాన్ని వాడుకోవచ్చు, తెలిసిన ఇంట్లో నడుస్తున్నట్టు ఊహించుకుని ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో పదం పెట్టుకుంటూ పోవడం గ్రీకుల కాలం నాటి ఉపాయం. 2017లో మామూలు మనుషులకి రోజుకి అరగంట చొప్పున ఆరు వారాలు ఇది నేర్పిస్తే, 72 పదాల్లో సగటున 26 దగ్గర ఉన్నవాళ్ళు 62కి చేరారు. నాకు ఇది చదివినప్పుడల్లా అవధానమే గుర్తొస్తుంది. ఎనిమిది మంది పృచ్ఛకులు, ఎవరి చోటు వాళ్ళది, ఒక ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పుకుంటూ పోయి, మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డం పడుతున్నా, గంట కొడుతున్నా, చివరికి ధారణలో అన్నీ వరస పెట్టి అప్పజెప్పేస్తారు. ఛందస్సు పట్టు ఇస్తుంది నిజమే, కానీ ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి తర్వాత ఎవరు అనే కదలని వరస కూడా అందులో పెద్ద ఆసరా అని నేననుకుంటాను. శతావధానంలో వంద మందిని అలా మోయాలంటే వేరే దారి నాకైతే తోచట్లేదు.

ఇంక ఈ యంత్రం చెడిపోవడం సంగతి. అల్జీమర్స్‌లో కణాల లోపల పేరుకునే చిక్కుముడులు మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లో మొట్టమొదట కనిపించే చోటు ఎంటోరైనల్ కార్టెక్స్, జర్మనీలో బ్రాక్ దంపతులు 1991లో దశలవారీగా గీసి చూపించారు. గ్రిడ్ సెల్స్ ఉండేది అక్కడే, మెల్లిగా తగ్గుతూ గంటల లెక్క చూసే కణాలు ఉండేదీ అక్కడే. అందుకే పేర్లు మర్చిపోవడం కంటే ముందే కొందరు రోజూ వెళ్ళే సందులో దారి తప్పుతారు, నిన్న జరిగిందీ మొన్న జరిగిందీ తారుమారు చేస్తారు. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందిలే అని సర్దుకుపోతారు, అసలు పట్టించుకోవాల్సింది అక్కడే. ఇరవైల్లో ఉన్న ఆరోగ్యవంతుల్లో, జబ్బు రిస్క్ పెంచే ఏపీఓఈ-4 జీన్ ఉన్నవాళ్ళని 2015లో జర్మనీలో చూస్తే గ్రిడ్ సెల్స్ లాంటి సిగ్నల్ అప్పటికే తగ్గి ఉంది.

దీన్ని పరీక్షగా మార్చే ప్రయత్నం కేంబ్రిడ్జ్‌లో జరిగింది, 2019లో. కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టి ఖాళీ మైదానంలో మూడు గుర్తుల మీదుగా ఒక మలుపు తిరిగేలా నడిపిస్తారు, తర్వాత గుర్తులు తీసేసి మొదలుపెట్టిన చోటికి వెళ్ళి నిలబడమంటారు. ఆ చోటు ఇదీ అని చూపించే గుర్తు ఉండదు, వేసిన అడుగులు, తిరిగిన మలుపు మనసులో కూడుకుని వెనక్కి రావాలి, సరిగ్గా గ్రిడ్ సెల్స్ చేసే పని. జ్ఞాపకశక్తి కొద్దిగా తగ్గిన వాళ్ళల్లో, వెన్ను నీటిలో అల్జీమర్స్ గుర్తులు ఉన్నవాళ్ళు తిరిగి వచ్చి నిలబడిన చోటు అసలు చోటుకి మిగతావాళ్ళ కంటే చాలా దూరంగా ఉంది, క్లినిక్కుల్లో మామూలుగా పెట్టే పేపర్ పరీక్షల కంటే ఈ నడక పరీక్షే ఆ రెండు గుంపుల్నీ బాగా విడదీసింది.